బలవంతం తొలగిన చోట విశ్వాసం: క్రైస్తవ విద్యార్థి పరిచర్య

తెలుగు క్రైస్తవుల వ్యవహారంలో ‘పరిచర్య’ ఎంత తరచుగా వినిపించే మాటో అంత అస్పష్టమైన మాట కూడా. సంస్కృతంలో దానికి దగ్గర ఉండి చేసే సేవ అని అర్థం. గురువుకు శిష్యుడు చేసేది, రోగికి ఇంటివాళ్లు చేసేది పరిచర్య. బైబిలు అనువాదంలో అది ‘డయాకొనియా’ అనే గ్రీకు మాటకు సమానార్థకమైంది, ఆ గ్రీకు మాటలో భోజనపంక్తిలో వడ్డించడమనే భావం కూడా ఉంది. అందువల్ల ‘విద్యార్థి పరిచర్య’ అన్నప్పుడు వడ్డించేవారెవరు, విస్తరి ముందు కూర్చున్నవారెవరు అనే ప్రశ్న పుడుతుంది. పెద్దలు, పాదిరులు, మిషన్ సంస్థలు విద్యార్థుల కోసం చేసే మంచిపని అని సాధారణంగా అనుకుంటారు. అయితే ఈ ఉద్యమపు చరిత్రను తరచి చూస్తే, విద్యార్థి తానే వడ్డించేవాడైన కాలంలోనే దానికి బలం చేకూరిందనీ, అటువంటి కాలం విశ్వాసం మీద బయటి బలవంతం సడలిన చోటనే వచ్చిందనీ తెలుస్తుంది.

ఈ రెండవ అంశానికి ఇంగ్లండు చరిత్రలో స్పష్టమైన నిదర్శనం ఉంది. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలు శతాబ్దాలపాటు ఇంగ్లండు అధికార సంఘపు అధీనంలో ఉండగా, ఆ సంఘపు సిద్ధాంతాలను ఒప్పుకోనివారికి అక్కడి పట్టాలు, పదవులు చాలావరకు అందేవి కావు. ఈ మతపరీక్షలను 1871లో ఒక చట్టం తొలగించింది. క్రైస్తవం ఇక విద్యాలయాల నుంచి తుడిచిపెట్టుకుపోతుందని భయపడినవారున్నారు గాని, ఆరేళ్లకే, 1877లో, కేంబ్రిడ్జిలోని వివిధ కళాశాలల విద్యార్థులు తమంతట తాముగా ఒక క్రైస్తవ సమాఖ్యగా ఏర్పడ్డారు. చట్టమే సమాఖ్యను పుట్టించిందనడం అతిశయోక్తి అవుతుంది, ఎందుకంటే దాని వేళ్లు అంతకు ముందరి ప్రార్థన కూటాలలో ఉన్నాయి. అయినా విశ్వాసం హాజరుపట్టీలో గుర్తుగా ఉన్నంతకాలం అది ఎవరిదో తేలదనీ, హాజరు అక్కరలేనప్పుడు కూడా వచ్చి కూర్చున్నవాడే దాన్ని తనదిగా చేసుకున్నవాడనీ ఈ వరుస సూచిస్తున్నది.

బలవంతం ఉన్న కాలంలో స్వచ్ఛంద భక్తికి ఎటువంటి ఆదరణ దక్కిందో 1729 నాటి ఆక్స్‌ఫర్డు చెబుతుంది. అందరూ పేరుకు క్రైస్తవులే అయిన ఆ ఊరిలో జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీ సోదరుల చుట్టూ చేరిన చిన్న బృందం నియమంగా ప్రార్థించడం, గ్రీకు నూతన నిబంధన చదవడం, చెరసాలకు వెళ్లి ఖైదీలను పరామర్శించడం తోటి విద్యార్థులకు నవ్వులాటగా తోచింది. వారికి అంటగట్టిన ‘మెథడిస్టులు’, అంటే పద్ధతిరాయుళ్లు, అనే వెక్కిరింపు పేరే తరువాత ఒక పెద్ద క్రైస్తవశాఖకు గౌరవనామమైంది.

అమెరికాలో మసాచుసెట్స్‌లోని విలియమ్స్ కళాశాల దగ్గర 1806లో ఐదుగురు విద్యార్థులు బయట ప్రార్థించుకుంటుండగా గాలివాన వచ్చి, ఒక గడ్డివామి చాటున తలదాచుకుని, ఆసియా ఖండానికి సువార్త అందించడం గురించి మాట్లాడుకున్న సంఘటన తెలుగు నేలతో దూరపు సంబంధం కలిగినది. వారిలో ఒకడైన శామ్యూల్ మిల్స్, అతని స్నేహితుల పట్టుదల కారణంగా 1810లో అమెరికన్ విదేశీ మిషన్ బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు 1812లో పంపిన తొలి బృందంలోని అడోనిరామ్ జడ్సన్ దారిలో బాప్టిస్టు అభిప్రాయాలు స్వీకరించి బర్మాకు వెళ్లగా, అతన్ని పోషించడానికి 1814లో అమెరికన్ బాప్టిస్టులు సొంత మిషన్ సంస్థను స్థాపించుకున్నారు. ఆ సంస్థే 1835లో శామ్యూల్ డేను తెలుగువారి మధ్యకు పంపి, తరువాత నెల్లూరు, ఒంగోలు కేంద్రాలను నడిపింది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారన్న ప్రసిద్ధ సంఘటన వెనుక ఈ గొలుసు ఉన్నమాట నిజం. అయితే గడ్డివామి నుంచి ఒంగోలుకు సూటిగా గీత గీయడం మిషన్ చరిత్రకారులకు ఇష్టమైన పని గాని, అది సగం సత్యమే. 1876–78 నాటి కరవు, ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో బాధితులకు చూపిన కూలి, అన్నింటికన్నా ముందు యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దలు తమవారి మధ్య చేసిన బోధ లేకుండా ఆ రోజు వచ్చి ఉండేది కాదు.

పందొమ్మిదవ శతాబ్దపు చివర ఈ చెదురుమదురు కూటాలు ప్రపంచవ్యాప్త సంస్థగా మారడంలో కొల్హాపూర్‌లో పుట్టిన రాబర్ట్ వైల్డర్ పాత్ర చెప్పుకోదగినది. మిషనరీ కుమారుడైన ఇతడు ప్రిన్స్‌టన్‌లో చదివి, 1886లో మౌంట్ హెర్మన్ అనే చోట సువార్తికుడు డి. ఎల్. మూడీ నిర్వహించిన వేసవి విద్యార్థి సభకు వెళ్లాడు. మిషన్ సేవ ఆ సభ ఉద్దేశాలలో ప్రధానమైనది కాకపోయినా, వైల్డరూ అతని మిత్రులూ గదిగదికీ తిరిగి మాట్లాడిన మీదట, సభ ముగిసేసరికి వందమంది విదేశాలకు వెళ్లడానికి సమ్మతించారు. అక్కడి నుంచి 1888లో విద్యార్థి స్వచ్ఛంద ఉద్యమం రూపొందింది. ఆ వందమందిలో ఒకడైన జాన్ ఆర్. మాట్ 1895లో స్వీడన్‌లోని వాడ్‌స్టేనా కోటలో ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య స్థాపనకు ముఖ్య కారకుడై, అర్ధశతాబ్దం తరువాత, 1946లో, నోబెల్ శాంతి బహుమతిలో భాగం పొందాడు.

ఒక్క తరంలోనే ప్రపంచమంతటికీ సువార్త అందించాలన్నది వారి నినాదం. అందులో యువకుల ఉత్సాహంతోపాటు సామ్రాజ్యకాలపు ఆత్మవిశ్వాసం కూడా ఉన్నది. ఓడలు, తంతివార్తలు, తెల్లవారి పాలన అన్నీ దేవుడు తెరిచిన తలుపులని నమ్మిన తరం అది. జర్మన్ మిషన్ పండితుడు గుస్తావ్ వార్నెక్ ఆ తొందరపాటును అప్పుడే విమర్శించాడు. క్రైస్తవ దేశాలనబడినవే 1914లో ఒకదాన్నొకటి చంపుకోవడం మొదలుపెట్టిన తరువాత, విద్యార్థుల చర్చలు విదేశీ మిషన్ నుంచి జాతివివక్ష, యుద్ధం, సామ్రాజ్యవాదం వైపు మళ్లాయి.

అంతకు ముందే, 1910లో, ఉద్యమం ఒక లోతైన చీలికను చూసింది. బ్రిటిష్ విద్యార్థి క్రైస్తవ ఉద్యమం బైబిలు గురించిన కొత్త చారిత్రక విమర్శకు, భిన్న సంఘాల సంప్రదాయాలకు తలుపులు తెరిచి, సత్యాన్ని వెతికే విద్యార్థి ఎవరైనా లోపలికి రావచ్చునని భావించగా, కేంబ్రిడ్జి సమాఖ్య దానితో తెగతెంపులు చేసుకున్నది. యుద్ధానంతరం 1919లో తిరిగి కలిసే ప్రయత్నం జరిగినప్పుడు సంభాషణంతా చివరకు ఒక్క ప్రశ్న దగ్గర ఆగింది: క్రీస్తు మరణం ద్వారా కలిగిన ప్రాయశ్చిత్తం ఉద్యమానికి కేంద్రమా, కాదా? అది తమ విశ్వాసంలో భాగమేగాని కేంద్రమని చెప్పలేమన్న జవాబుతో సంధి ఆశ పోయింది. తెలుగు పాఠకునికి ఇక్కడ చిన్న వివరణ అవసరం. ధర్మశాస్త్రాలలో ప్రాయశ్చిత్తం తప్పు చేసినవాడు తానే చేసుకునేది. క్రైస్తవ పరిభాషలో అది ఒకరి పాపానికి మరొకరు, అంటే క్రీస్తు, చెల్లించినది. ‘నేనేం చేయాలి’ అనే ప్రశ్న నుంచి ‘నా కోసం ఏం జరిగింది’ అనే ప్రశ్నకు దృష్టి మళ్లించే భావం గనుక, దాన్ని మధ్యలో ఉంచడమా పక్కన ఉంచడమా అన్నది ఉత్త మాటల పేచీ కాదు.

ఈ చీలికను ఛాందసులకూ ఉదారులకూ మధ్య తగవుగా కొట్టివేయడం సులభం. నిజానికి ఇది స్వేచ్ఛకు అనివార్యమైన సమస్య. చట్టం కంచె తీసేసిన తరువాత స్వచ్ఛంద సమాజం తానెవరో తానే చెప్పుకోవాలి. తలుపు పూర్తిగా తెరిస్తే ఇల్లు వీధిలో కలిసిపోతుంది, పూర్తిగా మూస్తే లోపలివాళ్లకు గాలి ఆడదు. ఉదార శాఖ నుంచి సంఘాల ఐక్యతకు పాటుపడిన నాయకులు, వేదాంతులు వచ్చారు. 1948లో ఏర్పడిన ప్రపంచ సంఘాల మండలి తొలి నాయకులలో పలువురు విద్యార్థి సమాఖ్యలో పెరిగినవారే. అయితే 1960ల తరువాత పాశ్చాత్య దేశాలలో ఆ శాఖకు విద్యార్థులే కరవయ్యారు. ఎవాంజెలికల్ శాఖ, అంటే బైబిలు ప్రామాణ్యాన్ని, సిలువను, వ్యక్తిగత మారుమనస్సును ప్రధానంగా పట్టుకున్న శాఖ, 1947లో తన అంతర్జాతీయ సమాఖ్యను ఏర్పరచుకుని కళాశాలలలో పట్టు నిలుపుకున్నది. కాని అన్యాయం, పేదరికం తన పనిలో భాగమేనని ఒప్పుకోవడానికి దానికి చాలాకాలం పట్టింది. 1974లో లోజాన్‌లో జరిగిన ఎవాంజెలికల్ ప్రపంచ మహాసభలో ఆ మాటను బలంగా వినిపించిన రెనె పదీయా, శామ్యూల్ ఎస్కోబార్ ఇద్దరూ లాటిన్ అమెరికా విద్యార్థుల మధ్య పనిచేసినవారే కావడం గమనించదగినది. సభామందిరంలో అడగని ప్రశ్నలు హాస్టలు గదిలో అడుగుతారు.

భారతదేశంలో ఈ కథ మరొక మలుపు తిరిగింది. ఇక్కడ మొదట వచ్చింది మిషన్ విద్యాలయం. 1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో ప్రారంభించిన ఆంగ్ల పాఠశాల అగ్రవర్ణాల పిల్లలను ఉద్దేశించినది. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పొందినప్పుడు ఊరిలో కలకలం రేగి చాలామంది పిల్లలను బడి మాన్పించారు. గుంటూరులో లూథరన్ మిషన్ 1885లో స్థాపించిన కళాశాల, మద్రాసు క్రైస్తవ కళాశాల వంటివి అనేక తరాలను చదివించాయి. ఇటువంటి సంస్థలలో ‘స్క్రిప్చర్ పీరియడ్’ అనబడే బైబిలు తరగతి తప్పనిసరిగా ఉండేది, కాబట్టి ఇంగ్లండులో తొలగిన బలవంతమే మెత్తని రూపంలో ఇక్కడ బోధనాపద్ధతి అయింది. దాని ఫలితంగా విద్యార్థులకు బైబిలు కథలు, ఆంగ్ల నుడికారం బాగా వంటబట్టాయి. విశ్వాసం సంగతి వేరు.

విద్యార్థి ఉద్యమ సంప్రదాయం నుంచి తెలుగు నేలకు వచ్చిన గొప్ప వ్యక్తి తమిళుడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1895 నుంచి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా కళాశాల యువకుల మధ్య పనిచేసి, 1905లో సేరంపూర్‌లో భారతీయుల ధనంతో, భారతీయుల నాయకత్వంలో నడిచే జాతీయ మిషనరీ సొసైటీ స్థాపనలో పాలుపంచుకుని, 1909లో నిజాము రాజ్యంలోని దోర్నకల్‌కు కాపురం మార్చి తెలుగు నేర్చుకున్నాడు. 1910 ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో, తెల్ల మిషనరీలు త్యాగాలు చేస్తున్నారేగాని భారతీయ సహచరులతో స్నేహం చేయడం లేదని ఆయన అన్న మాట సభికులను కలవరపెట్టింది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన తరువాత, మాల మాదిగ పల్లెలలో బాప్తిస్మం పొందేవారిచేత తమ తలపై తామే చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ తప్పదన్న పౌలు మాట పలికించేవాడు. పంక్తిలో కూర్చున్న మరుక్షణమే వడ్డించడానికి లేవాలన్న విద్యార్థి ఉద్యమ సూత్రం ఇక్కడ అక్షరం రాని కూలివాని దాకా వచ్చింది. వచ్చిన తరువాత కళాశాలలో కన్నా పల్లెలోనే అది గట్టిగా వేరూనింది కూడా.

భారత విద్యార్థి క్రైస్తవ ఉద్యమం 1912లోనూ, ఎవాంజెలికల్ విద్యార్థుల సమాఖ్య అయిన యు.ఇ.ఎస్.ఐ. 1954లోనూ ఏర్పడ్డాయి. తెలుగు రాష్ట్రాల కళాశాలలలో రెండవదానికి చెందిన స్థానిక బృందాన్ని ‘ఇ.యు.’ అనీ, చదువు ముగించి ఉద్యోగాలలో ఉంటూ దానికి తోడ్పడేవారి సహవాసాన్ని ‘ఇ.జి.ఎఫ్.’ అనీ పిలుస్తారు. ఈ అమరికలో ఒక లోపమున్నది, అదే దాని గుణం కూడా: నాయకులంతా మూడు నాలుగేళ్లలో వెళ్లిపోతారు. సంఘానికి భవనం, కాపరి, సమాధుల తోట ఉంటాయి. విద్యార్థి బృందానికి ఇవేవీ ఉండవు గనుక ప్రతి తరం విశ్వాసాన్ని మొదటి నుంచి వెతుక్కోవాలి. అందువల్ల ఇది సంఘానికి ప్రత్యామ్నాయం కాజాలదు. ఒకే వయసు, ఒకే చదువు గలవారు మాత్రమే ఉన్న సమాజంలో ముసలివారి ఓర్పు, పిల్లల గోల ఉండవు, అవి లేని భక్తి తొందరగా పొగరెక్కుతుంది.

దీని ప్రయోజనాన్ని మతం మార్చుకున్నవారి సంఖ్యతో కొలవడం అనుకూలురకూ ప్రతికూలురకూ అలవాటైన పని. రాజ్యాంగం 25వ అధికరణం అంతఃకరణ స్వేచ్ఛను, మతాన్ని అవలంబించి ప్రచారం చేసే హక్కును ఇస్తూ, ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి ఉండాలని పరిమితి పెట్టింది. బలవంతంతోనో ఆశ చూపో తెచ్చిన విశ్వాసం చట్టం దృష్టిలోకన్నా ముందు ఈ ఉద్యమపు సొంత తర్కంలోనే చెల్లదు, ఎందుకంటే 1877 నుంచి దాని ఆధారమంతా రాకపోయినా అడిగేవారు లేని చోటికి తనంతట వచ్చినవాడి మీదనే ఉన్నది. భౌతికశాస్త్రం తరగతిలో రుజువు అడగడం నేర్చుకున్నవాడు సాయంత్రం వాక్యాధ్యయనంలో రుజువుకు అందని నమ్మకాన్ని ఎలా పట్టుకోవాలో తేల్చుకోవలసిందీ అటువంటి చోటనే. ఆ తేల్చుకోవడంలో ప్రశ్నను పాపంగా చూసిన బృందాలు భక్తులను తయారుచేసి ఉండవచ్చుగాని, ఆలోచించేవారిని నిలుపుకోలేకపోయాయి.

అయితే తెలుగు కళాశాలలో బలవంతం నిజంగా తొలగిందా అన్నది వేరే ప్రశ్న. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ఆ హోదాను మొదట ప్రధానంగా హిందువులకే పరిమితం చేసి, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినా, క్రైస్తవులకు వర్తింపజేయలేదు. క్రైస్తవం స్వీకరించిన దళితులు తెలుగు రాష్ట్రాలలో వెనుకబడిన తరగతుల సి గ్రూపులో, ఒక్క శాతం రిజర్వేషన్ కిందికి వస్తారు. మాల మాదిగ ఇళ్ల నుంచి వచ్చిన విద్యార్థి ఇ.యు. కూటంలో బైబిలు చేతపట్టి సాక్ష్యం చెప్పేటప్పుడు, అతని పెట్టెలోని కులధ్రువీకరణ పత్రం మరో మతాన్ని చెబుతుండవచ్చు. కేంబ్రిడ్జిలో ఒకప్పుడు పట్టా కోసం నమ్మని సిద్ధాంతానికి సంతకం పెట్టవలసి వచ్చేది. ఇక్కడ సీటు కోసం నమ్మినదాన్ని కాగితం మీద దాచుకోవలసి వస్తున్నది. ఆ పత్రం గురించి మాత్రం వాక్యాధ్యయనంలో సాధారణంగా ఎవరూ ప్రశ్న అడగరు.