ఒక్కపొద్దు నాటి మాత్ర

కీళ్లవాతానికో, ఉబ్బసానికో, లూపస్‌కో నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ వాడేవారికి డాక్టర్లు సాధారణంగా చెప్పే మాట ఒకటుంది: పొద్దున్నే ఏదైనా తిని వేసుకోండి. కానీ ఏకాదశి వస్తుంది, కార్తీక సోమవారం వస్తుంది, శనివారం ఒక్కపొద్దు వారం వారం వస్తూనే ఉంటుంది. ఆ రోజుల్లో కొందరు మాత్రను పరగడుపునే మింగుతారు. కొందరు తిండితో పాటు మాత్రనూ మానేస్తారు. ఒంటికి ఎంత కష్టమైనా వ్రతం తప్పకూడదన్నదే ఈ ఇద్దరి పట్టుదల. దాన్ని మూఢత్వమని కొట్టిపారేయలేను, అందులో నిజమైన భక్తి ఉంది. అయితే ఉపవాసం దేన్ని నమ్ముకుని సాగుతుందో, స్టిరాయిడ్ సరిగ్గా దాన్నే ఎలా దెబ్బతీస్తుందో ఆలోచించాలి.

ఉపవాసం శరీరం ఇచ్చే సాక్ష్యం మీద నడిచే నియమం. ఆకలేస్తే ఓర్చుకుంటాం. కళ్లు తిరిగినా, కడుపులో మంట పుట్టినా ఇక చాలని ఆగుతాం. ఎంతవరకు తట్టుకోగలమో ఒళ్లే చెబుతుందన్న భరోసాతోనే పెద్దలు కూడా ఓపిక ఉన్నంతవరకే ఉండమంటారు. న్యాయదర్శనకారులైన నైయాయికులు చెప్పే ప్రమాణాల్లో ఇది ప్రత్యక్షం. స్టిరాయిడ్ దెబ్బతీసేది ఈ సాక్ష్యాన్నే. 1948లో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో కదల్లేని ఒక రోగికి కార్టిసోన్ అనే స్టిరాయిడ్ ఇస్తే కొద్ది రోజుల్లోనే ఆ రోగి లేచి నడిచింది. 1950లో ఆ పరిశోధనకు నోబెల్ బహుమతి దక్కింది. ఆ మందు బలమంతా వాపును అణచడంలోనే ఉంది. వాపును పుట్టించే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అది తగ్గిస్తుంది. కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవి కూడా ప్రోస్టాగ్లాండిన్లే. అందుకే కొందరికి గుండెల్లో మంట, ఉబ్బరం, వికారం. అంతకన్నా లోతైన చిక్కు ఇంకొకటి. కడుపులో పుండు ముదిరినప్పుడు, పేగుకు రంధ్రం పడినప్పుడు కూడా నొప్పి, జ్వరం రావలసినంతగా రాకపోవచ్చు, వాటిని తెచ్చే వాపునే మందు అణచి ఉంచింది కనుక. మరోవైపు అదే మందు ఒంటికి అవసరం లేని ఆకలిని రేపుతుంది. అంటే ఒక సాక్షి నోరు మూతపడింది, ఇంకో సాక్షి అబద్ధం చెబుతున్నాడు. నొప్పేమీ లేదు కదా, ఉండగలను అని ఈ స్థితిలో ఎవరైనా అంటే, ఆ మాటకు ప్రత్యక్ష ప్రమాణమన్న బలం లేదు. ప్రత్యక్షం చెడినచోట ఆశ్రయించదగినది నైయాయికులే చెప్పే మరో ప్రమాణం, ఆప్తవాక్యం, అంటే నమ్మదగినవాడి మాట. ఇక్కడ ఆప్తుడు ఆ మందు రాసిన వైద్యుడు.

దీనికి వైద్యం వైపు నుంచే ఒక అభ్యంతరం రావచ్చు. స్టిరాయిడ్ ఒక్కటే పుండ్లు తెస్తుందా అన్నది డాక్టర్ల మధ్య చాలాకాలం నలిగిన వివాదం. అసలు ముప్పు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు కలిసినప్పుడు, లేదా ఇదివరకే పుండు ఉన్నప్పుడు బాగా పెరుగుతుంది. తిని వేసుకుంటే వికారం, మంట తగ్గుతాయి గానీ, పుండు రాదని హామీ లేదు. ఇదంతా నిజమే. ఒక్క పూట పస్తుతో కడుపు పుండవుతుందని నేనూ అనను. మాత్రను మానేయడం మాత్రం వేరే సంగతి. కొన్ని వారాలకు మించి వాడితే మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులు తమ కార్టిసాల్ తయారీని తగ్గించుకుంటాయి. ఉన్నట్టుండి మందు ఆపితే వాంతులు, నీరసం, రక్తపోటు పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. ఒంటికి కష్టమని తెలిసి ఓర్చుకోవడం ఉపవాసం. గ్రంథి పని ఆగిపోతే ఓర్చుకోవడానికి అక్కడ ఏమీ లేదు.

లంఘనం పరమౌషధం కదా అని ఇళ్లలో అంటూనే ఉంటారు. చరక సంహిత లంఘనాన్ని చికిత్సగా చెప్పినచోటనే బృంహణాన్నీ చెప్పింది, కృశించినవారిని, దుర్బలులను పోషించమంది. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు తన కొడుకు శ్వేతకేతువును పదిహేను రోజులు నీటితోనే ఉండమంటాడు. ఆ తర్వాత అడిగితే నేర్చిన వేదం కొడుకుకు గుర్తు రాదు. తిని వచ్చాక అన్నీ చెబుతాడు. అక్కడ పస్తు గొప్పదనం చాటడం తండ్రి ఉద్దేశం కాదు, మనసు అన్నం మీద నిలిచి ఉందని చూపడం.

అసలు శాస్త్రానికి ఈ తగవు లేనే లేదు. వ్రతాన్ని భంగం చేయనివని ధర్మశాస్త్రాలు చెప్పిన ఎనిమిదింటిలో నీరు, దుంపలు, పండ్లు, పాలు, గురువు మాట, ఔషధం ఉన్నాయి. గ్లాసు పాలు, రెండు అరటిపండ్లు, ఆపైన మాత్ర: ఇందులో వ్రతానికి అడ్డొచ్చేది ఒక్కటీ లేదు. రంజాన్ ఉపవాసాల విషయంలోనూ ఇంతే: ఖురాన్ రెండో అధ్యాయంలో 184, 185 వాక్యాలు రోగులకు వేరే రోజుల్లో ఉపవాసం పూర్తి చేసుకునే వీలిచ్చాయి. రోజుకు ఒకే మాత్ర అయితే తెల్లవారకముందు తినే సహ్రీతో వేసుకునే వీలుందేమో రంజాన్‌కు ముందే డాక్టరును అడగాలి.

ఇక చివరి అభ్యంతరం భక్తుల మనసులోంచి వచ్చేది: సడలింపు వాడుకున్నవాడి పుణ్యం తక్కువ కాదా? నియమం, సడలింపు రెండూ ఒకే నోట వచ్చాయి. ఒకదాన్ని దేవుడి మాటగా, రెండోదాన్ని బలహీనుల రాయితీగా విడదీసే అధికారం మనకెక్కడిది? పైగా ఈ రోగికి నిగ్రహం చూపే చోటు లేకపోలేదు. ఉదయం పాలూ పండ్లూ తిని మాత్ర వేసుకున్నాక, పదకొండు గంటలకు ఒంటికి అక్కర్లేని ఆకలి లేస్తుంది. మందు పెంచే చక్కెరకు, ఒంట్లో నిలిచే నీటికి తోడ్పడే తీపినీ ఉప్పునూ అది కోరుతుంది. ఏకాదశి నిష్ఠ ఆ వేళకు పనికొస్తుంది, శనివారం ఒక్కపొద్దు అలవాటూ పనికొస్తుంది. మలం తారులా నల్లగా వచ్చినా, కడుపులో ఉన్నట్టుండి నొప్పి లేచినా మాత్రం పారణ దాకా ఆగకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.