మన చేతి పని, ఎర్ర దీపము



ఒకడు తప్పు చేసి, దానివలన ఎవరికిని హాని కలుగకపోయినయెడల, ఆ తప్పు చిన్నదగునా? ఒక సంగతిని విచారింపకయే నిజమని నమ్మి నడచుకొనినవానికి, తుదకు అది నిజమేయని తేలినయెడల, దోషము పోవునా? ఇవి తీరికగలవారు పుస్తకముల మధ్య కూర్చుండి వేసికొను ప్రశ్నలని మేము చాలకాలము తలంచితిమి. పోయిన వేసవిలో ఒక పాత కారు వాటిని మా వాకిటికి తెచ్చినది.

ఆ కారు సంఘస్థులు పంట చేతికి వచ్చినప్పుడు చందాలు వేసికొని, ఒకరు వాడి అమ్మినదానిని కొన్నది. ఆరు గ్రామముల ఆరాధనలకు, రోగుల యొద్దకు, రాత్రివేళ ఆసుపత్రి ప్రయాణములకు అదే ఆధారము. దాని ముందు షాక్ అబ్జార్బర్ల నుండి నూనె కారిపోయి, గతుకు వచ్చినప్పుడెల్ల ఎముకలు కదలిపోవుచుండెను. పట్నములో అడిగిన కూలి విని మా కోశాధికారిగారు మాటలాడక కూర్చుండిరి. అప్పుడు సంఘములో ట్రాక్టర్ల పని తెలిసిన ఒక యువకుడు, “అయ్యగారూ, సామాను తెప్పించండి చాలు, మనమే బిగించుకుందాం” అనెను. డబ్బు మిగులునని మేము సంతోషించితిమి. సొంత చేతులతో చేయుదుమను ముచ్చట కూడ కొంత ఉండెనని ఒప్పుకొనవలెను.

గురువారము చింతచెట్టు క్రింద పని జరిగినది. జాకీని మాత్రమే నమ్మి కారు క్రిందికి చేయి పెట్టరాదు గనుక లావైన మొద్దులు ఊతగా పెట్టితిమి. ఆ మాత్రపు బుద్ధి మాకుండెను. చక్రము విప్పి, పైనున్న నట్లు, క్రిందనున్న రెండు లావు బోల్టులు విప్పితిమి. షాక్ అబ్జార్బరునకు అంటియే రెండు వస్తువులు వచ్చును: ఒకటి బ్రేక్ ఆయిల్ తీసికొనిపోవు రబ్బరు హోస్ పైపు, మరియొకటి చక్రము ఎంత వేగముగా తిరుగుచున్నదో చెప్పు సెన్సారు యొక్క సన్నని వైరు. రెంటిని క్లిప్పుల నుండి తప్పించి, వైరు జాయింటును కూడ ఊడదీసితిమి. బోల్టులు రాగానే చక్రపు హబ్బు బయటికి వాలినది. దాని బరువు కొంతసేపు ఆ హోస్ పైపు మీదనే పడినది. ఒక తాడుతో దానిని కట్టి ఉంచవలసినదని తరువాత తెలిసినది. సాయంత్రమునకు రెండు వైపుల పని ముగిసినది, ఒక్క బోల్టు కూడ మిగులలేదు. అది మాకు గొప్ప రుజువుగా కనబడెను.

శుక్రవారము ఉదయమున కారు కొంచెము కదలగానే డ్యాష్ బోర్డు మీద ఏబీఎస్ అను పసుపు దీపము, దాని ప్రక్కను ఎర్రని బ్రేకు దీపము వెలిగి, ఆరక నిలిచినవి. హ్యాండ్ బ్రేకు దింపియే ఉన్నది. పెడల్ త్రొక్కి చూచితిమి, గట్టిగానే ఉన్నది.

“పెడల్ బాగానే ఉంది కదా అయ్యగారూ. ఏదో వైరు లూజై ఉంటుంది. ఏం పర్లేదు” అని ఆ యువకుడనెను.

మేము నమ్మితిమి. ఎందుకు నమ్మితిమి? అతడు పరీక్షించి చెప్పెననియా? కాదు. అట్లు నమ్మనియెడల చక్రములు మరల విప్పవలెను. మా పని తప్పని కోశాధికారిగారితో చెప్పవలెను. ఆ దినముననే ఒక విధవరాలిని, జ్వరముతోనున్న ఆమె మనుమని, 22 కిలోమీటర్ల దూరమున ఉన్న ఆసుపత్రికి తీసికొనిపోతిమి. ఆమె ముందు సీటులో కూర్చుండెను. చెరువు కట్ట దిగుచుండగా ఆమె, “ఆ ఎర్రగా ఎలుగుతా ఉన్నదేంటి అయ్యగారూ?” అని అడిగెను.

“ఏమీ లేదమ్మా, పాత కారు కదా” అంటిమి.

ఈ వ్యాసము వ్రాయుటకు కారణము ఆ ఒక్క మాటయే.

ఆ దీపముల సంగతి ఇక్కడ కొంత చెప్పవలెను, ఏలయనగా మన గ్రామములలో కూడ ఇప్పుడు అనేకులు కార్లు, వ్యాన్లు నడుపుచున్నారు. ఎర్ర దీపము హ్యాండ్ బ్రేకు పూర్తిగా దిగనప్పుడు వెలుగును. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టము తగ్గినప్పుడును వెలుగును. అందులో తేలుచుండు బిరడావంటి దానివలన ఇది జరుగును. అట్టివేళ పైన ఆయిల్ పోసినయెడల దీపము ఆరిపోవును. అయితే ఆయిల్ ఊరకనే తగ్గదు. ప్యాడ్లు అరిగియుండవచ్చును, లేక ఎక్కడనో కారుచుండవచ్చును. పోసినవాడు ఆ రెంటిని కప్పివేసినవాడగును. ఇక ఏబీఎస్ అనునది గట్టిగా బ్రేకు త్రొక్కినప్పుడు చక్రములు బిగుసుకొనిపోయి జారకుండ కాపాడు ఏర్పాటు. ఇది 1978లో జర్మనీ దేశపు కార్లలో వచ్చి, 2019 నుండి మన దేశములో అమ్మబడు కొత్త కార్లన్నిటికిని తప్పనిసరి అయినది. సెన్సారు మాట వినబడనప్పుడు అది తన్ను తాను ఆపుకొని పసుపు దీపము వెలిగించును. మామూలు బ్రేకు పనిచేయుచునే ఉండును. అనేక కార్లలో వెనుక చక్రముల మీద బ్రేకు ఎంత పడవలెనో సరిచూచు ఏర్పాటు కూడ ఆ సెన్సార్ల మాట మీదనే నడచును. అదియు ఆగినప్పుడు రెండు దీపములు కలిసి వెలుగును. అప్పుడు గట్టిగా త్రొక్కినయెడల వెనుక చక్రములు ముందుగా బిగుసుకొని బండి అడ్డముగా తిరుగవచ్చును. కాబట్టి “ఒట్టి వైరే” అను మాటలో “ఒట్టి” అనునది అబద్ధము.

శనివారము మా సంఘపెద్దలలో ఒకరు, ముప్పది ఏండ్లు లారీ నడిపినవారు, వచ్చి చూచిరి. వైరు ఎక్కడ తెగెనో వెదకుదమని మేము తొందరపడుచుండగా వారు మమ్మును ఆపిరి. “దీపం సంగతి తర్వాత చూద్దామయ్యగారూ. మీరు ఏయే బోల్టు విప్పారు, ఏది ఎక్కడ పెట్టారు, మొదటి నుంచి వరసగా చెప్పండి” అనిరి.

చెప్పుచుండగనే మా గొంతు తగ్గుచు వచ్చినది. కుడి వైపు వైరు జాయింటు టక్కుమని కూర్చుండువరకు నొక్కలేదు. ఎడమవైపు వైరును క్లిప్పులో పెట్టుట మరచితిమి. అది వ్రేలాడి, చక్రమునకు తగిలి తెగిపోయినది. దీపముల కారణము ఇదియే. యువకుడు చెప్పినది అక్షరాల నిజమైనది! అక్కడితో ఆగి ఆ రెండు వైర్లు సరిచేసియున్నయెడల దీపములు ఆరిపోయియుండును, మేము సంతోషముగా ఇంటికి పోయియుందుము. కాని పెద్దాయన, “హోస్ పైపు క్లిప్పు ఏ వైపుకి తిప్పి బిగించారు?” అని అడిగిరి. ఎడమ చక్రము విప్పి చూడగా పైపు మెలిపడి టైరువైపునకు వంగియున్నది. స్టీరింగు పూర్తిగా త్రిప్పినప్పుడెల్ల టైరు దానిని రాయుచుండెను. బొటనవ్రేలి గోరంత మేర రబ్బరు అరిగి నిగనిగలాడుచున్నది.

దానికొరకు ఏ దీపమును వెలుగలేదు. ఆయిల్ కారనంతవరకు ఏ దీపమును వెలుగదు.

ఇంగ్లండు దేశపు గణిత పండితుడైన విలియం క్లిఫర్డ్ 1877లో నమ్మికలోని నీతిని గూర్చి ఒక వ్యాసము ప్రచురించెను. ఆయన మన విశ్వాసమునకు స్నేహితుడు కాడు, అయినను అందులోని ఓడ యజమానుని కథ వైదిక పాఠశాలలో చదివిన నాటినుండి మమ్మును విడువలేదు. ఓడ పాతది, బాగుచేయింపవలసినది. యజమానునికి అనుమానము కలిగెను. అయితే ఇది ఎన్ని ప్రయాణములు చేయలేదు అనుకొని, దేవుని కాపుదలను కూడ తనకు సాక్షిగా పిలుచుకొని, కుటుంబములతో నిండిన ఓడను తేలిక మనస్సుతో సాగనంపెను. అది మునిగిపోయెను. తరువాత క్లిఫర్డ్ అడుగు ప్రశ్న ఏమనగా, ఓడ మునుగక క్షేమముగా చేరియుండినయెడల వాని దోషము తగ్గునా? ఏమియు తగ్గదని ఆయన తీర్పు. వాడు నమ్మినది నిజమా కాదా అనునది ప్రశ్న కాదు, అట్లు నమ్ముటకు వానికి హక్కు ఉండెనా అనునదే ప్రశ్న.

ఆ యజమానుని మేము ఇరువది ఏండ్లుగా తప్పుపట్టుచుంటిమి. చెరువు కట్ట మీద స్టీరింగు పట్టుకొనియున్నవాడు వాడేయని మాకు తట్టలేదు.

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: “అర్ధరాత్రి ప్రసవవేదన పడుచున్న స్త్రీ ఉన్నది, వేరొక బండి లేదు, దీపము వెలుగుచున్నది. అప్పుడేమి చేయవలెను?” ఇది న్యాయమైన ప్రశ్న. అట్టి రాత్రులు మేమును చూచితిమి. పెడల్ పరీక్షించి, ఆయిల్ మట్టము చూచి, మెల్లగా పోవలసియుండవచ్చును. కాని ఎక్కువారితో ఆ సంగతి చెప్పి పోవలెను. తన ప్రాణమును అపాయమునకు ఒప్పుకొనుట మనుష్యుని వశములో ఉన్నది; ఇతరుని ప్రాణము విషయమై వానికి బదులుగా ఒప్పుకొనుట ఎవరి వశములోను లేదు. శుక్రవారమున మా యొద్ద ఆతురతకు తగిన కారణము కూడ లేదు. ఆ ఆసుపత్రికి ఆటోలు నడుచుచునే ఉన్నవి.

హోస్ పైపులు రెండును కొత్తవి వేయించి, బ్రేకులలోని గాలి తీయించి, ఎడమ సెన్సారు మార్పించితిమి. అయిన ఖర్చు మొదట మిగిలిన డబ్బును దాటిపోయినది. కోశాధికారిగారు లెక్క వ్రాసికొని తల ఊపిరి, అంతే. ఆ ఆదివారము గ్రామములకు బస్సులోను నడిచియు పోతిమి.

సోమవారము ఆ తల్లి యింటికి పోయి జరిగినదంతయు చెప్పితిమి. పిల్లవాడు జ్వరము తగ్గి వాకిట ఆడుకొనుచుండెను. ఆమె కోపపడునని అనుకొంటిమి, కోపపడలేదు. “అప్పుడే చెప్పుంటే ఆటోకి పోయేదాన్ని కదా అయ్యగారూ, బిడ్డ ఉన్నాడు కదా” అని మాత్రము అనెను. ఆ మాటకు మా యొద్ద ఉత్తరము లేదు.

తరువాత రెండు వారములకు పిల్లవానిని మరల వైద్యునికి చూపవలసి వచ్చినది. ఆమె కారెక్కి, తలుపు సగము తెరచియే ఉంచి, మా ముఖమువైపు గాక డ్యాష్ బోర్డువైపు చూచుచు కూర్చుండెను. మేము తాళము త్రిప్పితిమి. దీపములన్నియు ఒక్కసారి వెలిగినవి; వెలుగవలసినదే, వెలుగనియెడల అవి పనిచేయుటలేదని అర్థము. హ్యాండ్ బ్రేకు దింపితిమి. ఎర్రనిది కూడ ఆరినది. అప్పుడామె తలుపు వేసికొనెను.