ధర్మవ్యాధుడు తన చేతులతోనే చేశాడు

 

ఈ వారం వీడియోలో ధర్మవ్యాధుడి కథ చెప్పుకున్నాం కదా. టైం సరిపోక అక్కడ చెప్పలేని మాట ఒకటి ఉంది, అది ఇక్కడ రాస్తున్నా.

మన పెద్దలు కర్మలను నిత్యం, నైమిత్తికం, కామ్యం అని విడదీశారు. కోరికతో చేసేది కామ్యం. గ్రహణం లాంటి సందర్భం వస్తే చేసేది నైమిత్తికం. సంధ్యావందనం లాగా రోజూ చేయాల్సింది నిత్యం. నిత్యకర్మ చేస్తే ప్రత్యేకంగా ఫలం ఏమీ రాదు, మానేస్తే మాత్రం దోషం అని చెప్తారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో ఇది ఎప్పటికీ క్లోజ్ కాని టికెట్. ఇవాళ పూర్తి చేస్తాం, రేపు పొద్దున చూస్తే మళ్ళీ ఓపెన్ అయి ఉంటుంది. ఇంటి పని కూడా అంతే కదండీ. పాలు అయిపోతాయి, బీపీ గోలీలు అయిపోతాయి, ఉతికిన దుప్పటి మళ్ళీ మాస్తుంది.

మా ఇంట్లో బాపమ్మ మంచం పట్టి రెండేళ్లు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకుంటే వీపు మీద పుండ్లు పడతాయి. జావ చెంచాతో తాగించాలి. ఇదంతా అమ్మే చూసుకుంటుంది. వరంగల్‌లో ఉండి కూడా రెండేళ్లుగా ఆషాఢంలో భద్రకాళి గుడికి పోలేదు. "నా పూజలన్నీ పోయినయ్ బిడ్డా" అని ఒకరోజు పొయ్యి దగ్గర నిలబడి అన్నది.

ఇలాంటప్పుడు మనకు టక్కున నోట్లోకి వచ్చే మాట ఒకటుంది. "అమ్మా, నువ్వు చేసే సేవే పూజ." మాట నిజమే, శాస్త్రం ఒప్పుకునే మాటే. కానీ అన్నవాడు అన్నచోటే కూర్చుని ఫోన్ చూసుకుంటే ఆ మాటకు బరువెక్కడిది? ధర్మవ్యాధుడి కథను కూడా మనం ఇట్లనే వాడుకుంటున్నాం అనిపిస్తుంది నాకు. సేవ చేసేవాళ్లను పొగడటానికి చెప్తాం, చేయనివాళ్లకు చెప్పం.

కథను మళ్ళీ ఒకసారి చూద్దాం. మహాభారతం వనపర్వంలో మార్కండేయ మహర్షి దీన్ని ధర్మరాజుకు చెప్తాడు. కౌశికుడు తపస్వి. తన మీద రెట్ట వేసిన కొంగను కోపంగా చూస్తే అది చచ్చి పడింది. తర్వాత భిక్షకు పోయిన ఇంట్లో ఇల్లాలు, ఆకలితో వచ్చిన భర్తకు పెట్టి ఆలస్యంగా వచ్చింది. ఈయన మండిపడ్డాడు. తాను కొంగను కానని ఆమె చెప్పి, ధర్మం తెలియాలంటే మిథిలలో ఉన్న వ్యాధుడి దగ్గరికి పొమ్మంది. పోయి చూస్తే అది మాంసం కొట్టు. ఆయన కౌశికుణ్ణి ఇంటికి తీసుకుపోయి, మంచి ఆసనాల మీద కూర్చున్న ముసలి తల్లిదండ్రులను చూపించాడు. నా దేవతలు వీళ్లే అన్నాడు.

ఇంతవరకు అందరం చెప్తాం. ఆ తర్వాత ఆయన ఇంకొకటి అంటాడు. భార్యాబిడ్డలతో కలిసి వీళ్లకు సేవ చేస్తాను, స్నానం చేయించడం, కాళ్లు కడగడం, అన్నం పెట్టడం నేను స్వయంగా చేస్తాను అని. రోజూ కొట్టు నడిపే మనిషి ఈ మాట అంటున్నాడు, గమనించండి. పని ఒత్తిడి అనే సాకు ఆయనకూ దొరికేదే.

అందుకే ఈసారి ఆషాఢ పౌర్ణమికి ఆఫీసులో లీవ్ పెట్టాను. గురుపౌర్ణమి కూడా అదే రోజు, ఈ కథను మనకిచ్చిన వ్యాసుల వారి రోజు. పొద్దున్నే రైతుబజార్‌కు పోయి తోటకూర, ఆనిగెపుకాయ, బెండకాయలు తెచ్చా. అక్కణ్ణుంచి మందుల షాపు, కిరాణం. తొమ్మిదింటికి బాపు అమ్మను బండి మీద గుడికి తీసుకుపోయిండు. జావ పలుచగా కలుపు, దిండు ఎత్తుగా పెట్టు అని అమ్మ గుమ్మంలో నిలబడి మూడుసార్లు చెప్పింది.

బాపమ్మ "మీ అమ్మేది?" అని నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ గుడికి పోయిందని చెప్పా. మధ్యలో ఆకుకూర తుంచుకుంటూ కూర్చుంటే ఒక ఆలోచన వచ్చింది. ఆ రోజు భద్రకాళి అమ్మవారికి శాకంబరి అలంకారం, నిలువెల్లా కూరగాయలు, ఆకుకూరలు. నూరేళ్లు వాన పడని కాలంలో తన దేహం నుంచి పుట్టిన శాకాలతో లోకాన్ని పోషిస్తానని దేవీమాహాత్మ్యం 11వ అధ్యాయంలో అమ్మవారు దేవతలకు మాట ఇస్తుంది. అంటే పిల్లలకు అన్నం పెట్టే పని ఆ తల్లి కూడా ఎవరికో అప్పజెప్పలేదు. గుట్ట మీద ఆమె ఒంటి మీదున్న తోటకూర, నా సంచిలో ఉన్న తోటకూర ఒకటే.

పన్నెండు కాకముందే వచ్చేశారు. అమ్మ ముందు బాపమ్మ వీపు చూసింది, తర్వాతే ప్రసాదం చేతిలో పెట్టింది. లైన్లో గంటన్నర నిలబడ్డానని ఎంత సంబరంగా చెప్పిందో! లైన్ గురించి అంత సంతోషంగా చెప్పిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

ఇంట్లో మంచాన ఉన్న పెద్దవాళ్లున్న అన్నలకు, తమ్ముళ్లకు నా విన్నపం. చూసుకుంటున్నది అమ్మో, వదినో, మీ ఇంటావిడో, ఏ రోజు ఏ గుడికి పోవాలని ఉందో ముందు అడగండి. ఆమె పోయే రోజుకు ముందే, పక్కకు తిప్పడం, బట్ట మార్చడం ఆమె పక్కన నిలబడి నేర్చుకోండి. పెద్దవాళ్లకు కొత్త చెయ్యి అంటే భయం ఉంటుంది, రెండు మూడు రోజులు పడుతుంది.

కౌశికుడి సంగతి మిగిలింది. నువ్వు అనుమతి అడగకుండా వేదం కోసం ఇల్లు వదిలి వచ్చావు, నీ కోసం ఏడ్చి నీ తల్లిదండ్రులకు కళ్ళు పోయాయి, తొందరగా పో అంటాడు వ్యాధుడు. అంత చదువుకున్న తపస్వి, ఆ మాంసం కొట్టు మనిషికి ప్రదక్షిణం చేసి బయలుదేరాడు. ఇంటికి పోయి వాళ్ల సేవలో ఉన్నాడని మార్కండేయుడు కథ ముగిస్తాడు.