మధ్యలో ఏమైంది?

గీతాంజలి సినిమా చివరి భాగాన్ని మా ఆవిడ మొన్నీమధ్య చూసింది. సినిమా వచ్చింది 1989లో. మొదటి సగం ఆమె అప్పుడే చూసింది. ఒక్క సినిమా పూర్తి చేయడానికి 35 ఏళ్లు దాటిందన్నమాట.

అప్పుడు మేం ఏలూరులో అద్దెకుండేవాళ్లం. మావాడికి ఎనిమిదో నెల. ఎండాకాలం, సెకండ్ షో. విశ్రాంతి దాకా వాడు బుద్ధిగా నిద్రపోయాడు. ఆ తర్వాత లేచి గుక్కపట్టాడు. వెనక వరసలోంచి ఎవరో "బయటికి తీసుకెళ్లమ్మా" అన్నారు. అమ్మనే అన్నారు, పక్కనే ఉన్న నాన్నని ఎవరూ ఏమీ అనలేదు. ఆమె లేచింది. నేను మోకాళ్లు పక్కకి జరిపి దారి ఇచ్చాను. ఆ జరపడంలో తెర మీద రెండు మాటలు వినబడకుండా పోయాయని విసుక్కున్నాను కూడా. అది బాగా గుర్తుంది.

ఆ రోజుల్లో ఏ హాలు వరండాలో చూసినా అలాంటి తల్లులు నలుగురైదుగురు ఉండేవారు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని, పోస్టర్ల గోడ నుంచి సోడాలమ్మే కొట్టు దాకా అటూ ఇటూ తిరుగుతూ, తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలికి మెడ చాచేవారు. పాటలు వాళ్లకీ వినబడేవి. ఇళయరాజా వరండాలోకి వచ్చేవాడు. పి.సి. శ్రీరాం కెమెరాతో పట్టిన ఊటీ మంచు మాత్రం తలుపు దాటి వచ్చేది కాదు.

ఆ రాత్రి ఇంటికి నడిచొస్తుంటే అడిగింది. "చివరికి ఏమైందండీ?"

నాకు నిద్ర ముంచుకొస్తోంది. "ఏముంది, ఇద్దరూ పోతారు" అన్నాను.

అబద్ధం చెప్తున్నానని నాకు తోచలేదు. అబ్బాయికి రక్త క్యాన్సరు, అమ్మాయికి గుండె జబ్బు. పోక ఏమవుతారు? లెక్క ప్రకారం చెప్పాను. ఆమె దాన్ని చూసినంత నమ్మకంగా దాచుకుంది. రేడియోలో ఆ పాటలు వచ్చినప్పుడల్లా చేతిలో పని కాస్త నెమ్మదించి "పాపం" అనేది. మొన్న టీవీలో చూస్తుంటే చివర్న రైల్వే స్టేషన్లో ఇద్దరూ కలుసుకున్నారు, ముద్దు పెట్టుకున్నారు, సినిమా అయిపోయింది. మా ఆవిడ తెర వంక చూసి, నా వంక తిరిగింది.

"వీళ్లు చావలేదేమండీ!"

"చచ్చిపోతారులే, తర్వాత."

"తర్వాత అందరూ పోతారు. సినిమాలో పోలేదుగా."

దీనికి నా దగ్గర జవాబు లేదు. మణిరత్నం ఆ కథని గడువు ఇంకా మిగిలున్న చోట ఆపాడు. ఆ ఆపడంలోనే సినిమా అంతా ఉంది. నేనేమో నిద్రమత్తులో నడిరోడ్డు మీద రెండు చావులు అదనంగా కలిపేశాను. ఒక మనిషి 35 ఏళ్ల పాటు పడిన జాలి ఆ సినిమాది కాదు, నాది. చిన్న విషయమేనని సర్దుకుందామని చూశాను గానీ, అప్పట్నుంచీ ఇంట్లో సినిమా పెట్టినప్పుడల్లా నా ధ్యాస సగం ఆమె మీదే ఉంటోంది. ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడొస్తుంది, వచ్చాక ఏం అడుగుతుంది?

రిటైరయ్యాక మా రాత్రులు సినిమాలవే. అబ్బాయి ఏవో పాస్‌వర్డులు పెట్టి ఇచ్చాడు. హాల్లో టీవీ, గోడకి అవతల వంటగది. ఇప్పుడు చంటిపిల్లలు లేరు గానీ కుక్కరుంది, పాలున్నాయి, రేపటికి నానబెట్టాల్సిన మినప్పప్పుంది. ఆమె లేస్తుంది. "ఆపనా?" అంటాను. "వద్దులెండి, నడవనివ్వండి, వింటూనే ఉన్నాగా" అంటుంది. అది వరండా అలవాటు. చేతిలో ఆపే బొత్తాం ఉన్న కాలంలో కూడా పోలేదు. (పెద్ద హీరోల సినిమాలు మూడు నాలుగు చూశాం. వాటి పేర్లు చెప్పను. వాటిలో మధ్యలో లేచినా ఏమీ పోదు, అదొక్కటే వాటి గుణం.)

బలగం ఆమె చాలావరకు విన్నదే. వేణు ఎల్దండి తీసిన ఆ సినిమా 2023లో వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టుకుని మరీ చూశారు. మేం ఆలస్యంగా చూశాం. ముసలాయన కొమురయ్య పోతాడు, పిట్టకి పెడతారు, పిట్ట ముట్టదు. మా వైపు కాకికి పిండం పెట్టడం అంటాం. ఇంటి అల్లుడు ఎన్నో ఏళ్ల కింద భోజనాల్లో నల్లిబొక్క దగ్గర అలిగి వెళ్లిపోయి ఉంటాడు. ఆ గొడవ నడుస్తున్నప్పుడు ఆమె అట్లు పోస్తోంది. చివర్న బుడగజంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య పాట ఎత్తుకునేసరికి అట్ల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే అట్లకాడ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నేను కళ్లు తుడుచుకుంటున్నాను. ఆమె ఏడవలేదు.

"మా నాన్నకి కాకి వెంటనే వచ్చేసిందండీ," అంది. "మేమింకా ఆకు పెట్టి వెనక్కి జరగనన్నా లేదు. మా అన్నయ్యకి కోపం వచ్చింది. అంత తొందరేంటి, ఇంకాసేపు ఉండొచ్చుగా అని."

ఈ మాట ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదు. మా మామగారి పదోరోజున నేనూ అక్కడే ఉన్నాను. వంటవాళ్లకి డబ్బు ఇచ్చే పని మీద పక్కకి వెళ్లినట్టున్నాను. పాటలో ఉన్న ఆ భార్యాభర్తల్లో మొగిలయ్య 2024 డిసెంబరులో పోయాడు. ఆ సంగతి చెబితే "ఆవిడ ఒక్కతే పాడుతోందా మరి?" అని అడిగింది. నేను సినిమా గురించి మాట్లాడుతున్నాను, ఆమె మనుషుల గురించి.

ద గ్రేట్ ఇండియన్ కిచెన్ సంగతి వేరు. మలయాళం కాబట్టి వింటే చాలదు, కింద అక్షరాలు చదవాలి. జియో బేబీ 2021లో తీశాడు. అందులో భార్యకి పేరుండదు, భర్తకీ పేరుండదు. నేపథ్య సంగీతం లేనట్టే. తరగడం, రుబ్బడం, కడగడం, తుడవడం, మళ్లీ తరగడం. ఈ చప్పుళ్లే సంగీతం. సినిమా మొదలైన అరగంటకి ఆమె వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి లోపల్నుంచి కేక. "ఏమండీ, ఆ పోపు చిటపట మీ సినిమాలోదా, మనదా?"

నేను నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. సినిమాకీ ఇంటికీ మధ్య గోడ ఉంటుందని, ఆ గోడకి ఇవతల కూర్చుని విచారించేవాణ్ణే విమర్శకుడంటారని నేననుకునేవాణ్ణి. ఆ గోడ చాలా పల్చనిది. అవతల నిలబడ్డవాళ్లకి రెండు చప్పుళ్లూ ఒకటే. ఆ సినిమాలో మగవాళ్లు నమిలిన ములక్కాడ పిప్పి బల్ల మీదే వదిలేసి లేచిపోతారు. మర్నాడు మా ఇంట్లో ములక్కాడల పులుసు. కావాలని చేసిందో, బజారులో అవే దొరికాయో అడగలేదు. పిప్పి నేనే ఎత్తి పారేశాను. ఆమె చూసింది, ఏమీ అనలేదు.

ఈ వరసలో నాకు అన్నిటికంటే ఎక్కువ పని పెట్టింది 1953 నాటి జపాన్ సినిమా, ఓజు తీసిన టోక్యో స్టోరీ. ఒనోమిచి అనే ఊరి నుంచి ముసలి దంపతులు టోక్యోలో ఉన్న పిల్లల దగ్గరికి వస్తారు. కొడుకు డాక్టరు, కూతురికి జుట్టు అలంకరించే దుకాణం. ఎవరికీ తీరిక ఉండదు. తల్లిదండ్రుల్ని వదిలించుకోవడానికి అటామీ వేడినీళ్ల బుగ్గల దగ్గరికి పంపేస్తారు. యుద్ధంలో పోయిన కొడుకు భార్య నోరికో ఒక్కతే ఆఫీసుకి సెలవు పెట్టి ఊరు చూపిస్తుంది. ఓజు కెమెరాని చాప మీద కూర్చున్న మనిషి చూపు అంత ఎత్తులో పెడతాడు. మా ఆవిడ కింద కత్తిపీట వేసుకుని చిక్కుళ్లు తరుగుతోంది. "ఈయనెవరో కింద కూర్చుని తీశాడు" అని తేల్చేసింది. సోఫాలో కూర్చున్న నాకు అది పుస్తకంలో చదివితే గానీ తెలియలేదు.

ముసలివాళ్లు టోక్యో స్టేషన్లో రైలెక్కబోతుండగా మా అబ్బాయి ఫోను. ఆమె వరండాలోకి వెళ్లి మాట్లాడి వచ్చేసరికి తెర మీద ఒసాకా. దారిలో దిగిపోయి ఇంకో కొడుకు ఇంట్లో ఉన్నారు, తల్లికి రైల్లో ఒంట్లో బాగోలేదట.

"మధ్యలో ఏమైంది?"

"తెలీదు."

"నిద్రపోయారా?"

నిద్రపోలేదు. ఒట్టేసినా నమ్మలేదు. వెనక్కి తిప్పి చూపించాను. స్టేషన్లో వీడ్కోలు, వెంటనే ఒసాకాలో ఆ కొడుకు తనతో పనిచేసేవాడికి అమ్మ సంగతి చెప్పడం. మధ్యలో రైలు లేదు, జబ్బు లేదు. ఓజు చూపించలేదు. చివరికి తల్లి ప్రాణం పోయిన క్షణం కూడా చూపించడు. రాత్రి అందరూ చుట్టూ కూర్చుని ఉంటారు, తర్వాత తెల్లవారుతుంది. ఈ ఖాళీలు లేచి వెళ్లినవాళ్లకీ కూర్చున్నవాళ్లకీ సమానం. ఆ కాసేపూ నేనూ వరండాలోనే ఉన్నాను.

"అమ్మకి రైల్లో బాగాలేకపోతే పక్కన మొగుడేగా ఉన్నాడు," అంది. "ఆయన ఎవరికీ చెప్పడు."

అక్కడ నాకు చురుక్కుమంది. నిజానికి మా ఇంట్లో మధ్యలో లేచి వెళ్లిన మనిషి ఎవరు? హాల్లో ఆమె లేచింది. బతుకులో నేనే. బదిలీలు, క్యాంపులు. నెలకి రెండుసార్లు ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ "ఏంటి విశేషాలు?" అనేవాణ్ణి. "ఏమున్నాయి, అంతా బాగానే ఉంది" అనేది. 1996లో నేను వేరే ఊళ్లో ఉండగా అబ్బాయి సైకిలు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నాకు వచ్చింది ఇన్‌లాండ్ కవరులో ఒక వాక్యం, అదీ పాల బాకీ లెక్క తర్వాత. కట్టు కట్టించాను, తగ్గింది అని. ఆ రాత్రి ఎవర్ని పిలిచింది, ఏ రిక్షా దొరికింది, వాడు ఎంత ఏడ్చాడు, తను ఏడ్చిందా లేదా? నేను అడగలేదు. తగ్గింది అన్నారుగా, ఇంకేం కావాలి? ఆమెకి నేను లేని చావులు కలిపి చెబితే, ఆమె నాకు ఉన్న భయాలు తీసేసి చెప్పింది. కలపడం సులువు, నోటికొచ్చింది అనేస్తే చాలు. తీసేయాలంటే ముందు అంతా తన దగ్గరుండాలి.

సినిమా అయ్యాక అడిగాను, "ఆ రోజు వాడు పడ్డప్పుడు ఏమైంది అసలు?" అని.

"ఏ రోజు?"

"సైకిలు."

"ఇప్పుడెందుకండీ అవన్నీ," అని చిక్కుళ్ల ఈనెలు పేపర్లో చుట్టి లేచింది.

కిందటి నెల మిథునం పెట్టాం. శ్రీరమణ కథ మా ఇద్దరికీ దాదాపు కంఠతా. బాపు మొత్తం కథని తన చేతిరాతతో ఎత్తి రాసిన ప్రతి మాకూ ఎవరో ఇచ్చారు, అదింకా బీరువాలో ఉంది. తనికెళ్ల భరణి 2012లో తీసిన ఆ సినిమా నిండా రెండే మొహాలు, బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. వంటలు అతిగా ఉన్నాయని నా అభిప్రాయం. వంట అంతా ఆయన తినడానికే ఉందని ఆమె అభిప్రాయం. అయినా ఆ రోజు ఒక్కసారి కూడా లేవలేదు. అన్నం ముందే వండేసింది, ఫోను లోపల పెట్టేసి వచ్చింది. అప్పదాసు, బుచ్చిలక్ష్మి గారాలూ కోపాలూ అన్నీ అయ్యాక, ఆఖరి ఘట్టం రాబోతుంటే నా మోచెయ్యి తట్టింది.

"ఆపండి."

ఇన్నేళ్లలో ఆమె సినిమా ఆపమనడం ఇదే మొదటిసారి. పాలు పొంగుతున్నాయేమోనని చూశాను. పొయ్యి మీద ఏమీ లేదు. ఎవరు ముందు పోతారో ఇద్దరికీ తెలిసిన కథ. "రేపు చూద్దాంలెండి" అంది. ఆపాను.

మూడు వారాలైంది. టీవీ పెట్టగానే మిథునం బొమ్మ మొదటి వరసలోనే కనిపిస్తోంది, కింద ఎర్రగీత చివరిదాకా పోకుండా. ఇంకా 14 నిమిషాలుంది.