మాటకు తోడు చీటీ

ఒక మనిషి నమ్మదగినవాడా కాదా అని తేల్చుకోవడం ఎట్లా? నీతి పాఠాల్లో ఈ ప్రశ్నకు సాధారణంగా మంచి మాటలే జవాబుగా దొరుకుతాయి. ఆ మాటలు పక్కన పెట్టి, ఒక పాత రైఫిల్‌ను ఎదురుగా పెట్టుకుని ఆలోచిస్తే ప్రశ్న గట్టిపడుతుంది. ఇక్కడ తప్పుడు మనిషిని నమ్మితే చెయ్యి పోవచ్చు, కన్ను పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. మన పిల్లల విషయంలో అయితే జైలు కూడా రావచ్చు.

సింగరాయకొండ చుట్టుపక్కల ఊళ్లు తీసుకుందాం. సముద్రం వైపు రొయ్యల చెరువులు, కందుకూరు వైపు పొగాకు, మిరప. చెరువు దగ్గరా చేను దగ్గరా రాత్రిపూట కాపలా ఉండేవాళ్లలో యానాదులు చాలామంది. ఒక పెద్ద రైతు ఇంట్లో తాత వదిలిపోయిన రైఫిల్ ఉందనుకోండి. దాని లైసెన్సు ఇప్పుడు కొడుకు పేరున ఉంది. చాలా ఏళ్లుగా పేల్చలేదు. ఆయన కాపలా కుర్రాణ్ణి పిలిచి, "ఒరే అబ్బాయ్, దీన్ని ఒంగోలు తీసకపోయి మిస్త్రీకి చూపించుకోని రా" అన్నాడనుకోండి. ఇది ఊహే. కానీ ఇందులో ఒక్క నమ్మకం కాదు, మూడు నమ్మకాలున్నాయి. యజమాని మిస్త్రీని నమ్మాలి. కుర్రాడు యజమానిని నమ్మాలి. దారిలో పోలీసు ఆపితే ఆ పోలీసు కుర్రాణ్ణి నమ్మాలి.

మొదట మిస్త్రీ సంగతి. పాత రైఫిల్ పైకి నిగనిగలాడుతూ ఉండవచ్చు. ప్రమాదమంతా లోపల ఉంటుంది. గొట్టం లోపల తుప్పు తిని గుంటలు పడ్డాయా, ఎక్కడైనా ఉబ్బిందా, సన్నని పగులుందా, బోల్టు గట్టిగా పడుతోందా, ట్రిగ్గర్ నొక్కకుండానే సుత్తి జారుతోందా చూడాలి. తూటా అడుగుకూ బోల్టు ముఖానికీ మధ్య సందు ఉండాల్సినంతే ఉండాలి. అది పెరిగితే తూటా పెంకు చీలి, మండే వాయువు కాల్చేవాడి ముఖం మీదికి వస్తుంది. ఆ సందును కంటితో కొలవలేం, దానికి ప్రత్యేకమైన గేజీలుంటాయి. గొట్టం మీద ఉండే పరీక్ష ముద్ర అది తయారైన రోజున ఒత్తిడికి తట్టుకుందని చెబుతుంది. నిన్నటి వానలో తుప్పు పట్టిందో లేదో చెప్పదు.

అంటే తుపాకీ తెచ్చినవాడికి మిస్త్రీ పని సరిగా చేశాడో లేదో తెలిసే దారి లేదు. తెలిస్తే మిస్త్రీ దగ్గరికి పోవాల్సిన పనే లేదు. వైద్యుడి దగ్గరా, లాయరు దగ్గరా, పిల్లల్ని పంపే బడి దగ్గరా మన పరిస్థితి ఇదే. మనకు తెలియనిచోటే నమ్మకం అవసరమవుతుంది. తెలియదు కాబట్టే మోసపోయే వీలూ అక్కడే ఉంటుంది.

మరి ఏం చూడాలి? పనిని తూచలేకపోయినా మనిషి పద్ధతిని తూచవచ్చు. తుపాకీ చేతికి రాగానే మంచి మిస్త్రీ మొదట అందులో తూటా లేదని చూసుకుంటాడు. మనం లేదని చెప్పినా చూసుకుంటాడు. దాన్ని మనం అవమానంగా తీసుకోకూడదు, అదే ఆయన మీద నమ్మకానికి మొదటి ఆధారం. ఆ తర్వాత లైసెన్సు అడుగుతాడు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ బాగుచెయ్యడానికీ పరీక్షించడానికీ ఆయనకూ లైసెన్సు ఉండాలి. కాగితమేమీ అడగకుండా, తక్కువ డబ్బుకు చేసిపెడతానన్నవాడు మనకు మేలు చెయ్యడం లేదు, తన నేరంలో మనకూ వాటా ఇస్తున్నాడు. నమ్మదగిన మిస్త్రీ లోపాన్ని వెలుతురులో పట్టుకుని చూపిస్తాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, "ఇది ఇక పేల్చే తుపాకీ కాదు" అని చెప్పి తనకు రాబోయే మరమ్మతు డబ్బు వదులుకోగలడు. మన గూడేల్లో ఆకుమందు ఇచ్చే పెద్దల్లోనూ, "ఇది నా వల్ల కాదు, ఆస్పత్రికి తీసుకుపోండి" అన్నవాళ్లనే జనం నమ్ముతారు. తన హద్దు తెలిసినవాడి మాటకు విలువ ఎక్కువ.

బ్రిటన్ తత్వవేత్త ఒనోరా ఓనీల్ 2002లో బీబీసీలో నమ్మకం గురించి వరుసగా ఉపన్యాసాలిచ్చారు. నమ్మకం పెంచడమే మంచిదని అనుకోకూడదు, నమ్మదగినవాళ్లను నమ్మడం, కానివాళ్లను నమ్మకపోవడం తెలియాలన్నది ఆమె ఆలోచనలో ముఖ్యమైన సంగతి. అందరినీ నమ్మడం మంచితనం కాదు, ఎవరినీ నమ్మకపోవడం తెలివీ కాదు. రెండూ చూడకుండా తీర్పు చెప్పడమే.

చూడకుండా తీర్పు చెప్పడం అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి విస్తరించారు. ఎరుకల వంటి తెగలను పుట్టుకతోనే నేరస్థులన్నారు. సింగరాయకొండకు దక్షిణాన రైలు దారి మీద ఉన్న కావలిలో, ఉత్తరాన బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సెటిల్‌మెంట్లు పెట్టారు. అక్కడివాళ్లు హాజరు వేయించుకోవాలి, బయటికి పోవాలంటే అనుమతి చీటీ ఉండాలి. ఆ చట్టాన్ని మద్రాసు రాష్ట్రం 1947లో తీసేసింది. దేశమంతటా అది 1952 ఆగస్టు 31న పోయింది. అదే కాలంలో కొడగులో కొడవలకు తుపాకీ లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. బ్రిటిషు కాలంనాటి ఆ మినహాయింపును 2019లో మరో పదేళ్లు పొడిగించారు. వాళ్ల మీద మనకు కోపం అక్కర్లేదు. కానీ ఒక తెగను పుట్టుకను బట్టి నమ్మిన ప్రభుత్వమే ఇంకో తెగను పుట్టుకను బట్టి అనుమానించింది. రెండుచోట్లా మనిషి చేసిన పనిని చూడలేదు. రాత్రంతా చేను అప్పగించి నిద్రపోయే రైతు కూడా తెల్లారి ఊళ్లో దొంగతనం జరిగితే మొదట కాపలావాడి గుడిసె వైపే చూశాడు.

ఇప్పుడు రైఫిల్ పట్టుకుని ఒంగోలు బయలుదేరిన కుర్రాడి దగ్గరికి వద్దాం. చట్టం ఏమంటుంది? లైసెన్సు లేనివాడు తుపాకీ మోయకూడదు. అయితే 3వ సెక్షన్‌లోనే ఒక సడలింపు ఉంది. లైసెన్సుదారు పక్కన ఉంటే గానీ, ఆయన రాతపూర్వకంగా అనుమతి ఇస్తే గానీ, మరమ్మతు కోసం ఇంకొకరు దాన్ని తీసుకుపోవచ్చు. నోటిమాట చాలదు. అందుకని ఆ కుర్రాడు, "అయ్యా, మీరైనా కూడా రండి, లేదంటే చీటీ రాసివ్వండి" అని అడగాలి. ఇవ్వకపోతే తుపాకీ ముట్టకూడదు.

అలా అడిగితే "నన్నే నమ్మవా?" అని యజమానికి కోపం రావచ్చు. ఇక్కడే అసలు నీతి ప్రశ్న ఉంది. చీటీ అడగడం అపనమ్మకమా? కాదంటాను. ఆ మాట దాటిపోతే ఇద్దరికీ సమానంగా నష్టం రాదు. దారిలో పట్టుబడితే పెద్దమనిషి మాటకు బరువుంటుంది, కుర్రాడి మాటకు ఉండదు. "నేను పంపలేదు" అని ఆయన ఒక్క ముక్క అంటే చాలు. నష్టమంతా ఒకడి మీదే పడేచోట, "నన్ను నమ్ము" అనే హక్కు రెండోవాడికి లేదు. నిజంగా నమ్మదగిన యజమాని అడక్కముందే రాసిస్తాడు. మంచి మిస్త్రీ అడక్కముందే గొట్టం తెరిచి చూసినట్టే ఇదీ.

ఇంకో అభ్యంతరం మనవాళ్ల నుంచే వస్తుంది. కాగితమే కదా మన తాతల్ని కట్టేసింది, మళ్లీ కాగితాన్నే నమ్మమంటారా అని. ఇది న్యాయమైన ప్రశ్న. సెటిల్‌మెంటు చీటీ ఒకవైపే కట్టేది. మన మనిషి ఎటు పోతున్నాడో దానిలో ఉండేది, పంపినవాడి బాధ్యత ఉండేది కాదు. ఇప్పుడు అడిగే చీటీలో పంపినవాడి సంతకం ఉంటుంది. అది రెండువైపులా కడుతుంది. కాగితం మంచిదా చెడ్డదా అన్నది కాదు చూడాల్సింది, అది ఎవర్ని జవాబుదారుని చేస్తోంది అన్నది. అంత మాత్రాన చీటీ అన్నిటికీ మందు కాదు. చీటీ చూసినా నమ్మని పోలీసు ఉండవచ్చు. అయినా చీటీ ఉంటే అనుమానించినవాడు కారణం చెప్పాల్సి వస్తుంది. లేకపోతే మనమే చెప్పుకోవాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. నిజం చెప్పండి, నమ్మకంగా ఉండండి అని మన పిల్లలకు రోజూ చెబుతాం. చెప్పాల్సిందే. దానితోపాటు ఎవర్ని, దేన్ని చూసి నమ్మాలో కూడా నేర్పాలి. ఒంగోలు పోయే బస్సు ఎక్కేముందు "చీటీ ఏదయ్యా?" అని అడగగలిగిన పిల్లవాడు ఎవర్నీ అవమానించడం లేదు. తన మాటకూ ఎదుటివాడి మాటకూ ఒకే విలువ కట్టమంటున్నాడు.