మనస్సాక్షియు శాసనమును

ధర్మసందేహములలో మిక్కిలి కఠినమైనవి ధర్మమునకును అధర్మమునకును నడుమ పుట్టునవి కావు. రెండు ధర్మములు ఎదురెదురుగా నిలిచినప్పుడు పుట్టునవి. కురుసభలో ద్రౌపది వేసిన ప్రశ్నకు భీష్మునంతటివాడు ధర్మము సూక్ష్మమని చెప్పి తప్పుకొనెను. చిన్నవాడైన వికర్ణుడు లేచి తనకు న్యాయమని తోచినదానిని చెప్పెను. పదవియందున్నవాడు తన అంతరాత్మకు సత్యమని తోచినదానిని సభలో ఎంతవరకు చెప్పవలెను, చెప్పినదానిని అందరికిని శాసనముగా ఎంతవరకు చేయవలెను అను ప్రశ్న నాటికిని నేటికిని తెగినది కాదు. దాని తీవ్రరూపమొకటి మన కాలమున పాశ్చాత్యదేశములలోని కథోలిక రాజకీయవేత్తల జీవితములందు కానవచ్చుచున్నది. గర్భవిచ్ఛిత్తి ఘోరపాపమని బోధించు శ్రీసభకు బిడ్డలై, దానిని అనుమతింపుమని కోరు ప్రజలకు ప్రతినిధులైనవారు ఏమి చేయవలెను?

దూరదేశముల తగవు మనకేల యని చదువరులు అడుగవచ్చును. మనము తరతరములుగా పరభాషాప్రాంతములలో కాపురములు చేయుచున్నవారము. ఇంటి నియమము వేరు, వీధి నియమము వేరు అను సంగతి మనకు ఒకరు నేర్పవలసినది కాదు. పదిమందితో కలసి బ్రదుకువాడు తన ఆచారమును విడువకయు, ఇతరులపై రుద్దకయు ఎట్లు నిలువవలెనన్నది మన నిత్యజీవితసమస్యయే. అందువలన ఈ విచారణ మనకు పరాయిది కాదు.

మొదట మాటలనుగూర్చి ఒక మాట. మన ధర్మశాస్త్రములు భ్రూణహత్య యనిన దానిని మహాపాతకములలో చేర్చినవి. నేటి వైద్యులు గర్భవిచ్ఛిత్తి యనుచున్నారు. మొదటి పేరు పలికినంతనే తీర్పు వెలువడినట్లగును. రెండవ పేరు పలికినంతనే అది శస్త్రచికిత్సలలో నొకటిగా తోచును. పేరు పెట్టుటయందే సగము వాదము ముగియుచున్నది. మనము రెండవ పదమును వాడుచున్నాము. కాని మొదటి పదము వెనుకనున్న భయమును మరచి కాదు.

శ్రీసభ బోధ మిక్కిలి ప్రాచీనము. క్రైస్తవయుగారంభమునాటి 'దిదాకే' యను బోధగ్రంథమే దీనిని నిషేధించినది. గర్భస్థపిండమునందు ఆత్మ ఎప్పుడు ప్రవేశించునన్న విషయమున మాత్రము అభిప్రాయభేదము లుండెను. పదమూడవ శతాబ్దమునందలి తోమాసు అక్వినాసు అరిస్టాటిలు ననుసరించి, జీవాత్మ కొంతకాలమునకు గాని చేరదని తలచెను. అయినను పూర్వమే గర్భమును తొలగించుట పాపము కాదని ఆయన చెప్పలేదు. 1869లో తొమ్మిదవ పయసు పోపుగారు శిక్షావిధియందు ఈ భేదమును తొలగించిరి. 1965లో ముగిసిన రెండవ వాటికను మహాసభ గర్భవిచ్ఛిత్తిని ఘోరమైన నేరముగా పేర్కొనెను. 1995లో రెండవ జాన్ పాల్ పోపుగారు 'ఎవాంజెలియుం వీటే' యను విశ్వలేఖలో ఈ బోధను మరల దృఢపరచిరి.

ఇందు మనము ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. శుక్రవారము మాంసము తినరాదను నియమమువంటిది కాదు ఈ నిషేధము. ఉపవాసము మతస్థులకు మాత్రమే. కాని గర్భస్థశిశువును చంపరాదనుట మానవమాత్రునకు బుద్ధిచేత తెలియదగిన న్యాయమని శ్రీసభ చెప్పుచున్నది. కావున "ఇది నా మతము, దీనిని ఇతరులపై రుద్దను" అని రాజకీయవేత్త చెప్పినంతనే సమస్య తీరదు. దొంగతనము చేయరాదనుటయు మతము చెప్పినదే. అంతమాత్రమున దానిని శాసనమునుండి తొలగింపుమని ఎవరును కోరరు. ఇది ఒక పక్షపు బలము.

రెండవ పక్షపు బలము తక్కువది కాదు. మానవశాసనము పాపములన్నిటిని శిక్షింపజాలదనియు, సామాన్యజనము భరింపగలిగినంతవరకే నిషేధింపవలెననియు చెప్పినవాడు ఆ తోమాసు అక్వినాసే. పాపము వేరు, నేరము వేరు. ఆ రెంటిని వేరుచేయు గీత యెచ్చట గీయవలెనన్నదే రాజనీతి. ఆ గీతను గీయవలసివచ్చిన కొందరి నడవడిని చూతము.

1960 సెప్టెంబరు 12వ తేదీన, అమెరికా అధ్యక్షపదవికి పోటీచేయుచుండిన జాన్ కెనెడీ హూస్టను నగరములో ప్రొటెస్టెంటు బోధకుల సభయందు ప్రసంగించెను. కథోలికుడు అధ్యక్షుడైనచో రోమునుండి ఆజ్ఞలు వచ్చునన్న భయము ఆ దేశములో నుండెను. మతమునకును రాజ్యమునకును సంపూర్ణమైన ఎడబాటు ఉండవలెననియు, మనస్సాక్షికిని పదవీధర్మమునకును పొత్తు కుదరని దినమున పదవినే త్యజింతుననియు ఆయన చెప్పెను. అప్పటికి గర్భవిచ్ఛిత్తి ఆ దేశములో జాతీయవివాదము కాలేదు. 1973లో సుప్రీముకోర్టు 'రో' కేసులో స్త్రీకి ఆ హక్కు కలదని తీర్పిచ్చిన పిదప వివాదము పెరిగెను. కెనెడీ మాటకు అప్పుడు గాని అసలైన పరీక్ష రాలేదు.

1984లో ఆ పరీక్షను ఎదుర్కొనినవాడు న్యూయార్కు గవర్నరు మారియో కువోమో. ఇటలీనుండి వలసవచ్చి పచారిదుకాణము నడపిన కుటుంబమున పుట్టినవాడు. ఆయన నాటర్‌డేం కథోలిక విశ్వవిద్యాలయములో ప్రసంగించుచు, శ్రీసభ బోధను తాను తన యింట అంగీకరించుచున్నాననియు, కాని పలుమతములవారు గల దేశమున ప్రజాసమ్మతి లేని నిషేధము నిలువదనియు, మద్యనిషేధచట్టమునకు పట్టిన గతియే దానికిని పట్టుననియు వాదించెను. పేదతల్లులకు సాయము చేయుట యందరి బాధ్యత యనియు చెప్పెను. ఆ నెలలోనే అచ్చటనే, ప్రతినిధిసభ సభ్యుడును కథోలికుడునైన హెన్రీ హైడ్ దానికి ప్రత్యుత్తరముగా ప్రసంగించెను. సమ్మతి లేదని కూర్చుండుట కాదు, సమ్మతిని కలిగించుటయే నాయకుని పని యని విమర్శకుల ఆక్షేపము. ఈ ఆక్షేపము నేటికిని సజీవముగా నున్నది.

యూరపులో ఇంతకంటె ఆశ్చర్యకరమైన రెండు సంఘటనలు జరిగినవి. 1978 మే నెలలో ఇటలీ పార్లమెంటు గర్భవిచ్ఛిత్తిని అనుమతించు 194వ చట్టమును చేసెను. దానిపై సంతకములు చేసినవారు రాష్ట్రపతి లియోనె, ప్రధాని ఆంద్రెయొత్తి, ఆరోగ్యమంత్రిణి తీనా అన్సెల్మి. అందరును క్రైస్తవ ప్రజాస్వామ్యపక్షమునకు చెందిన కథోలికులే. పార్లమెంటు చేసిన చట్టమును ప్రకటించుట తమ పదవీధర్మమని వారు భావించిరి. 1990లో బెల్జియము రాజు బోదువె అదే విధమైన చట్టముపై సంతకము చేయుటకు తన అంతరాత్మ అంగీకరింపలేదనెను. కాని తన కారణమున పార్లమెంటు నిర్ణయము ఆగిపోవుటయు ఆయనకు సమ్మతము కాలేదు. ఏప్రిలు 4వ తేదీన, రాజు పరిపాలింపజాలని స్థితిలో నున్నాడని మంత్రివర్గము ప్రకటించి, తామే చట్టమును ప్రకటించిరి. మరునాడు పార్లమెంటు ఆయనను మరల సింహాసనస్థుని గావించెను. ఒక దినము రాజ్యము లేని రాజై ఆయన తన మనస్సును కాపాడుకొనెను. ప్రజల శాసనమును ఆపలేదు. ఇది కేవలము రాజ్యాంగచమత్కార మని నవ్వినవారును గలరు. మనకు మాత్రము అందొక గాంభీర్యము కానవచ్చుచున్నది.

మరియొక మార్గము పెన్సిల్వేనియా గవర్నరు రాబర్టు కేసీది. డెమోక్రాటు పక్షమువాడై యుండియు, తన పక్షమునకు విరుద్ధముగా గర్భవిచ్ఛిత్తిని నియంత్రించు చట్టములను సమర్థించెను. 1992లో తన పక్షపు మహాసభలో ఆయనకు ప్రసంగావకాశము లభింపలేదు. తన అభిప్రాయమే దానికి కారణమని ఆయన చెప్పెను. పక్షపు అభ్యర్థిని బలపరుపకుండుటయే కారణమని ఇతరులు చెప్పిరి. ఆ సంవత్సరమే ఆయన తన రాష్ట్రమున పేదబిడ్డలకు ఆరోగ్యభీమా కల్పించు చట్టముపై సంతకము చేసెను. పుట్టుమని శాసించువాడు పుట్టినపిదప పోషణనుగూర్చియు చింతింపవలెనని ఆయన నడవడి తెలుపుచున్నది.

ఇప్పుడు మనకు మిక్కిలి దగ్గరిదైన విషాదమును తలపవలెను. ఐర్లండు దేశము 1983లో తల్లికిని గర్భస్థశిశువునకును సమానమైన జీవనహక్కు కలదని తన రాజ్యాంగమున చేర్చుకొనెను. 2012లో సవితా హలప్పనవర్ అను కర్ణాటకపు ఆడపడుచు, దంతవైద్యురాలు, అచ్చట పదునేడువారముల గర్భవతియై ఆసుపత్రిలో చేరెను. గర్భము నిలువదని తేలినను, పిండమునకు గుండెకొట్టుకొనుచున్నందున, ఆమె కోరిన చికిత్స ఆమెకు లభింపలేదు. రక్తము విషపూరితమై అక్టోబరు 28వ తేదీన ఆమె మరణించెను. పరిచర్యలో ఇతర లోపములును జరిగినవని విచారణయందు తేలినది. తల్లిని రక్షించు చికిత్సవలన, ఉద్దేశింపకయే శిశువు మరణించినచో, అట్టి చికిత్సను శ్రీసభ బోధ నిషేధింపదు. కాని సిద్ధాంతములోని ఈ సూక్ష్మము, చట్టమునకు వెరచిన ఆసుపత్రి గదిలో నిలువలేదు. బెళగావియందు పెరిగిన ఆ బిడ్డ మన పొరుగింటి ఆడపడుచు. ఆమె కథను చదివినప్పుడు కన్నడిగులును తెలుగువారును ఒక్కరీతిగనే కంట తడిపెట్టిరి.

2013లో ప్రధాని ఎండా కెన్నీ తల్లి ప్రాణమునకు అపాయము కలిగినప్పుడు గర్భవిచ్ఛిత్తిని అనుమతించు చట్టమును తెచ్చెను. తాను కథోలికుడనే గాని కథోలికులకు మాత్రమే ప్రధానిని కాననునట్లు ఆయన సభలో మాటలాడెను. ఆయన మంత్రులలో నొకరైన లూసిండా క్రైటన్ ఆ చట్టమునకు వ్యతిరేకముగా వోటు వేసి, పదవిని, పక్షమును రెంటిని కోల్పోయెను. 2018 మే 25వ తేదీన జరిగిన ప్రజాభిప్రాయసేకరణలో నూటికి 66.4 వంతులు పాతనిబంధనను తొలగింపుమని వోటు వేసిరి.

శ్రీసభ తన బిడ్డలైన రాజకీయవేత్తలయెడ ఎట్లు వర్తింపవలెనన్నది మరియొక చిక్కు. 2004లో జాన్ కెర్రీ అధ్యక్షపదవికి పోటీచేసినప్పుడు ఆయనకు దివ్యసత్ప్రసాదము ఈయవచ్చునా యను వివాదము లేచెను. అమెరికా పీఠాధిపతులు ఆ నిర్ణయమును ఎవరి మేత్రాసనమున వారికే విడిచిరి. 2022 మే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో అగ్రపీఠాధిపతి, ప్రతినిధిసభాధ్యక్షురాలైన నాన్సీ పెలోసీకి తన మేత్రాసనమున దానిని నిరోధించెను. పోపు ఫ్రాన్సిసుగారు గర్భవిచ్ఛిత్తిని హత్య యని నిర్మొగమాటముగా చెప్పుచునే, తాము ఎవరికిని సత్ప్రసాదమును నిరాకరింపలేదనియు, పీఠాధిపతులు కాపరులుగా నుండవలెను గాని రాజకీయవేత్తలుగా కారాదనియు 2021లో చెప్పిరి. 2022 జూను 24వ తేదీన అమెరికా సుప్రీముకోర్టు 1973నాటి తీర్పును త్రోసివేసి ఈ విషయమును శాసనసభలకు అప్పగించినది. "కోర్టు తీర్పు, మేమేమి చేయుదుము?" అను ఆశ్రయము నాటితో తొలగిపోయెను.

మన దేశమున 1971నాటి చట్టము పెద్ద మతకలహము లేకయే వచ్చెను. నాటువైద్యుల చేతులలో తల్లులు మరణించుటయే దానికి ముఖ్యకారణము. కాని అనుమతి యుండినంతమాత్రమున ధర్మము నిలువలేదు. ఆడపిల్ల యని తెలిసికొని గర్భమును తొలగించు దురాచారమును అణచుటకు 1994లో వేరొక చట్టము చేయవలసివచ్చెను. శాసనము నోరు మూసికొనినచోట కుటుంబపు మనస్సాక్షి మాటలాడవలెను. అదియు మూగదైనచో మరల శాసనమే రావలెను.

ఇంతకును మన నిశ్చయమేమి? ఒక పక్షమువారు మనస్సాక్షికి వెల చెల్లించునది ఎవరని అడుగుదురు. బోదువె తానే చెల్లించెను, క్రైటన్ తానే చెల్లించెను. కాని సవిత విషయమున ఇతరుల నియమమునకు ఆమె ప్రాణముతో చెల్లించినది. రెండవ పక్షమువారు, మీ మౌనమునకు వెల చెల్లించునది నోరులేని శిశువు కాదా యని అడుగుదురు. ఈ రెండు ప్రశ్నలును న్యాయమైనవే. ఒకదానిని వినిపింపకుండుటకు రెండవదానిని బిగ్గరగా పలుకుట న్యాయము కాదు.

కావున పదవియందున్నవానినుండి మనము మూడు విషయములు కోరవచ్చును. తన విశ్వాసమును ఎన్నికలనాడు చూపి శాసనసభలో దాచరాదు. ఏది నమ్ముచున్నాడో, ఏల శాసనముగా చేయుచున్నాడో, ఏల చేయుటలేదో, అన్యమతస్థునకును బోధపడు కారణములతో చెప్పవలెను. తాను పాపమని తలచుదానిని శిక్షచేత ఆపినను ఆపకున్నను, దానికి మూలములైన దారిద్ర్యమును, భయమును, అపనిందను తగ్గించుటకు పాటుపడవలెను. తన మనస్సాక్షికి వెల చెల్లింపవలసివచ్చినప్పుడు, ఆ భారమును మొదట తన భుజములపైననే వేసికొనవలెను.

ఈ మూడును చేసినవాడు చట్టమునకు అనుకూలముగా వోటు వేసినను ప్రతికూలముగా వేసినను, మనము అతనితో విభేదింపవచ్చును గాని అతనిని గౌరవింపకుండరాదు. ఇవి లేనివాడు ఏ పక్షమున నిలిచినను, కురుసభలో తల వంచుకొని కూర్చున్నవారిలో నొకడే యగును. మన యిండ్లలోను, మన సంఘములలోను, చిన్నవో పెద్దవో ఇట్టి సందేహములు నిత్యము కలుగుచునే యుండును. అప్పుడు ఎదుటివాని మాటను కడవరకు విని, పిదప మన మాట చెప్పు ఓర్పు మనకు కలుగుగాక.