ఏది మార్చాలి? ఏది ఉంచాలి?

మా ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. మూడు పక్కల వెదురు తడకలు, నాలుగో పక్క బండి లోపలికి రావడానికి ఖాళీ. జైనూరు, ఉట్నూరు మధ్య తిరిగే డీసీఎంలు, ట్రాలీ ఆటోలు, ట్రాక్టర్లు బాగుచేయించుకోవడానికి ఇక్కడికి వస్తాయి. ఆ పనే నాకు కూడు పెడుతోంది. షెడ్డులో ఒక మూల మా బాపు రాజ్‌దూత్ ఉంది. దానితో నాకు ఒక్క రూపాయి రాదు. అయినా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే. పాతదాన్ని బాగుచేసేటప్పుడు ఏది మార్చాలి, ఏది ఉంచాలి, ఆ మాట ఎవరు చెప్పాలి? ఈ ప్రశ్న ఒక్క బండిది కాదని నాకు ఆలస్యంగా అర్థమైంది.

బాపు ఆ బండిని ఒక పంతులు దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. 175 సీసీ, టూ స్ట్రోక్, మూడు గేర్లు. అప్పట్లో మా గూడేలకు రోడ్డంటే ఎడ్లబండ్ల బాట. ఆ బాటలో నడిచిన మోటారు సైకిల్ అదొక్కటే. జొన్న బస్తాలు మోసింది. కాన్పు నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను ఆసుపత్రికి చేర్చింది. ఆశ్రమ పాఠశాలకు నన్ను ట్రంకు పెట్టెతో సహా తీసుకెళ్ళింది. బాపు పోయాక తొమ్మిదేళ్ళు పశువుల కొట్టంలో పడి ఉంది. కోళ్ళు దాని మీద పడుకునేవి.

బయటికి తీసి చూస్తే టాంకు నిండా తుప్పు. కిరోసిన్ పోసి, గుప్పెడు నట్లు వేసి, మూత బిగించి ఊపాను. మొదట ఎర్రమట్టి నీళ్ళలాంటివి వచ్చాయి. నాలుగోసారికి తేటపడింది. క్రాంకు పక్కన ఉండే ఆయిల్ సీళ్ళు గట్టిపడి పగిలాయి. టూ స్ట్రోక్ ఇంజనులో ఆ సీళ్ళు పోతే లోపలికి దొంగగాలి వస్తుంది, బండి ఎంత సరిచేసినా ఒక దారికి రాదు. అవి మార్చాను. సిలిండరు రీబోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేయించాను. పాయింట్లను సన్న ఎమరీ కాగితంతో రుద్దాను. సైలెన్సరులో ఏళ్ళ తరబడి పేరుకున్న మసి కాల్చి దులిపాను. టాంకు మీద సొట్ట మాత్రం తీయలేదు. ఆ సొట్ట ఎలా పడిందో మా అమ్మకు తెలుసు, ఆ కథ చెప్పి ఇప్పటికీ నవ్వుతుంది.

ఈ పని సాగుతుండగా పాత బండ్లు కొనే పట్నపాయన ఒకరు వచ్చారు. బండి చుట్టూ తిరిగి చూసి, "అన్నీ ఒరిజినలేనా?" అని అడిగారు. కొన్ని మార్చానని చెప్తే, "అయ్యో, పాడుచేశారు" అన్నారు. నాకు నవ్వొచ్చింది. రాజ్‌దూత్‌కు మూలం పోలండ్ దేశపు ఎస్.హెచ్.ఎల్. బండి. దాన్ని ఎస్కార్ట్స్ కంపెనీ 1960లలో మన దేశంలో తయారుచేయడం మొదలుపెట్టింది. పోలండ్‌లో పుట్టిన నమూనా ఒక గోండు రైతు చేతిలో పడి, అడవి బాటలో జొన్నలు మోసింది. ఇందులో ఒరిజినల్ ఎక్కడ మొదలవుతుంది?

ఆ మాట నన్ను కొంచెం గుచ్చింది కూడా. మన మీదా అదే చూపు ఉంది. దండారికి గుస్సాడీ నెమలీకల టోపీ పెట్టుకుంటే ఫొటో తీస్తారు. ఆ గుస్సాడీయే జేబులోంచి సెల్‌ఫోన్ తీస్తే మొహం చిన్నబుచ్చుకుంటారు. ఏమీ మారకుండా ఉండాలి మనం, చూసేవాళ్ళ కోసం. నడవని బండిని అద్దాల గదిలో పెట్టుకున్నట్టు.

చట్టాన్ని అడిగితే దాని జవాబు వేరు. సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు చెల్లుతుంది. తర్వాత బండిని చూపించి ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. అక్కడ చూసేది చట్రం మీద కొట్టిన నంబరు. ఇంజను మార్చినా రాయించుకోవచ్చు, రంగు మార్చినా రాయించుకోవచ్చు. చట్రం నంబరు ఉంటేనే అది ఆ బండి. సరే, చట్రం మనకు మిగిలింది కదా అనుకున్నాను. తీరా రంగు గీకితే చట్రం మీదే చిక్కొచ్చింది.

ఫుట్‌రెస్టు పైన బాపు ఒకప్పుడు ఇనుప పట్టీ వేసి వెల్డింగ్ చేయించాడు. బస్తాల బరువుకు అక్కడ చట్రం చీలిందట. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను, వెల్డింగ్ వెలుగు చూడొద్దని బాపు నా కళ్ళు తన అరచేత్తో మూశాడు. ఆ అరచేతి పొగాకు వాసన నాకింకా గుర్తుంది. ఇప్పుడు ఆ అతుకు అంచున వెంట్రుకంత సన్నగా చీలిక కనబడింది. వెల్డర్ చూసి, "దాదా, ఇది మొత్తం కోసేసి కొత్త ప్లేటు వేయాలి" అన్నాడు. తర్వాత చూద్దామన్నాను. పైన రంగు కొట్టేశాను. నెల గడిచింది, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అప్పుడే పత్తి సీజన్ మొదలైంది. నాకు అల్లుడి వరసయ్యే కుర్రాడొకడు ఫైనాన్సు మీద డీసీఎం కొని నడుపుతున్నాడు. బ్రేకు కొడితే బండి ఎడమకు లాగుతోందని ఒక సాయంత్రం తెచ్చాడు. కుడి ముందు చక్రం విప్పాను. వీల్ సిలిండరులో రబ్బరు కప్పులు పోయి బ్రేక్ ఆయిల్ కారుతోంది. లైనర్లు తడిసి జిగటగా ఉన్నాయి. తడిసిన లైనరు డ్రమ్మును పట్టదు. అందుకే బండి రెండో వైపు లాగుతోంది. పైగా ఆయిల్ నల్లబడింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అలాంటి ఆయిలుతో ఘాటు దిగుతూ బ్రేకు మీద కాలు తీయకుండా ఉంటే చక్రం దగ్గర వేడికి అది మరిగి ఆవిరవుతుంది. ఆవిరి నొక్కితే నొక్కుకుపోతుంది. పెడల్ నేలను తాకుతుంది, బండి ఆగదు. కెరమెరి ఘాటు ఎక్కిన గేరులోనే దిగమని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే.

"మామా, లైనర్లు తుడిచి బిగించు. రెండు ట్రిప్పులు కొట్టొస్తా, తర్వాత సామాను తెద్దాం. కిస్తీ ఉంది" అన్నాడు.

నేను కోప్పడ్డాను. "నీ పత్తి మీద అంగడి నుంచి వచ్చేవాళ్ళు కూర్చుంటారు. వాళ్ళకు నీ చక్రంలో ఏముందో తెలుసా? తెలిసినవాళ్ళం మనమిద్దరమే. తెలిసీ మూసిపెడితే అది రిపేరు కాదు, అబద్ధం" అన్నాను.

వాడు కాసేపు నేల చూశాడు. తర్వాత మూలన ఉన్న రాజ్‌దూత్ వైపు చూసి, "మరి తాత బండి అతుకు మీద రంగెందుకు కొట్టావు మామా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి పడుకుని సమాధానాలు వెతికాను. లారీ పదిమందిది, బండి నాది, నా ప్రాణం నా ఇష్టం అని ఒకటి. నిజమేనా? బండి తయారైతే మొదట వెనక కూర్చునేది నా బిడ్డ. చట్రం విరిగితే ఎదురుగా వచ్చే సైకిలువాడిదీ ప్రాణమే. బాపు జ్ఞాపకం కదా అని ఇంకొకటి. బాపు ఆ పట్టీ ఎందుకు వేయించాడు? జ్ఞాపకం కోసమా? చట్రం చీలింది, వెనక పిల్లాడు కూర్చుంటాడు, అందుకు వేయించాడు. ఆ అతుకును కాపాడుతున్నానని నేననుకున్నాను గానీ, దాన్ని వేయించిన మనసును వదిలేశాను.

కేస్లాపూర్ నాగోబా మనందరికీ తెలిసిందే. మేస్రం వంశస్థులు తమ చందాలతో రాతి గుడి కట్టుకుని 2022లో తెరిచారు. ఏటా సిరికొండ కుమ్మరుల దగ్గర కొత్త కుండలు చేయిస్తారు. పాత కుండలే కావాలని ఎవరూ పట్టుబట్టరు. కానీ హస్తినమడుగుకు కాలినడకన వెళ్ళి గోదావరి నీళ్ళు తేవడం మాత్రం మారదు. కుండ పగిలేది, నడక నిలిచేది అని వాళ్ళకు తెలుసు. ఏది మార్చాలో, ఏది ఉంచాలో బయటివాళ్ళు చెప్పలేదు. ఆ నీళ్ళు మోసేవాళ్ళే తేల్చుకున్నారు.

మోసేవాళ్ళు తేల్చుకోవాలి. అయితే మోసేవాళ్ళు ఒక లెక్కకు కట్టుబడాలి కూడా. ప్రాణం ఆనుకున్న చోట పాతదనే ప్రేమ పనికిరాదు. ప్రాణం ఆనుకోని చోట కొత్తదనే మోజు పనికిరాదు. మార్చింది ఏదైనా రంగు కింద దాచకూడదు. మన ఆచారాల్లో మనుషులను నొప్పించేవి ఏమైనా ఉంటే వాటికీ ఇదే లెక్క. మనవి గనుక రంగు కొట్టి దాచుకుందామంటే చీలిక ఆగదు.

ఇదంతా చెప్పడం తేలిక, కిస్తీ కట్టేది నేను కాదు. సామాను ఆదిలాబాద్ నుంచి వచ్చేసరికి కుర్రాడికి రెండు ట్రిప్పులు పోయాయి. నేను కూలి తీసుకోలేదు. అయినా వాడి నష్టం పూడలేదు. సరైన పని చేస్తే ఎవరికీ నష్టం ఉండదని నేను రాయలేను. ఆ నష్టాన్ని ఒక్కడి మీదే వదలకుండా కొంత మనమూ మోయాలి, అంతవరకు చెప్పగలను. కప్పులు, లైనర్లు, ఆయిలు అన్నీ మార్చి, గాలి తీసి, ఖాళీ బండితో ఘాటు దిగి వచ్చాకే పత్తి ఎత్తనిచ్చాను.

మర్నాడు వెల్డర్ని పిలిచి బాపు అతుకు కోయించాను. గ్రైండరు నిప్పురవ్వలు లేస్తుంటే పక్కన నా బిడ్డ నిలబడి ఉంది. గబుక్కున దాని కళ్ళు నా అరచేత్తో మూశాను. నా చేతికి గ్రీజు వాసన.

కోసిన పట్టీ ఇప్పుడు పనిబల్ల పొట్టికాలు కింద ఉంది. కొత్త ప్లేటు మీద రంగు కొట్టలేదు, తుప్పు పట్టకుండా గ్రీజు రాస్తున్నాను. చూసినవాళ్ళు అడుగుతారు. అడిగితే చెప్తాను.